అక్షింతల ఫోటో

“పంతులుగారూ, కెమెరా వైపు చూడమని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఎవరి మానాన వాళ్ళని ఉండనివ్వండి,” అన్నాడు డాక్టర్ సుదర్శనం, మండపం వెనక పూలతెర సందులోంచి తల బయటపెట్టి.

పంతులుగారు మంత్రం ఆపకుండానే సరేనన్నట్టు చెయ్యి విసిరారు. ఆయన కంగారల్లా ముహూర్తం గురించి. సుదర్శనం కంగారల్లా ఆ ముహూర్తంలో వచ్చే ఒకే ఒక్క క్షణం గురించి. ఏళ్ళ తరబడి ల్యాబ్‌లో తయారుచేసిన సెన్సార్‌ని మొట్టమొదటిసారి మనుషుల మధ్యకి తెచ్చాడు మరి.

లోకంలో ఏ పెళ్ళిలోనైనా కెమెరాలు పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ చూస్తాయి. సుదర్శనం కెమెరా మాత్రం వాళ్ళ వీపుల వెనక నిలబడి హాలు వైపు చూస్తోంది. దానికి కావలసింది వచ్చిన జనం. కాకినాడ పోర్టు రోడ్డులోని ఆ ఫంక్షన్ హాల్లో ముందు వరస సోఫాల నుంచి చివర ఐస్‌క్రీం బండి దాకా ఆరువందల మంది ఉన్నారు. అందరినీ ఒక్క ఫోటోలో పట్టాలి. పట్టాక, అందులో ఏ మొహాన్ని లాగి పెద్దది చేసినా ఆ మనిషిని ఒక్కణ్ణే స్టూడియోలో కూర్చోబెట్టి తీసినట్టు ఉండాలి. అదీ పరీక్ష.

ముందు వరసలో, కాస్త పక్కగా హైమావతి నిలబడి ఉంది. పెళ్ళికూతురు వసుధకి ఆవిడ మేనత్త. సుదర్శనానికి పెద్దమ్మ. లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. పక్కగా నిలబడటం ఆవిడ కోరుకున్నది కాదు. “నువ్వు కాస్త ఆ స్తంభం వైపుకి జరుగు హైమా, ఏమీ అనుకోకు,” అంది వదిన రాజ్యలక్ష్మి, అక్షింతలు చేతిలో పోస్తూ. భర్త పోయిన ఆడది తాళి కట్టే వేళకి పెళ్ళికూతురికి ఎదురుగా ఉండకూడదని ఆ ఇంట్లో ఒక పట్టింపు. ఊళ్ళో డ్రైవర్ లేని బస్సులు తిరుగుతున్నా ఆ పట్టింపు మాత్రం చెక్కు చెదరలేదు. హైమావతి ఏమీ అనుకోలేదు. అంటే, పైకి ఏమీ అనలేదు.

ఎందుకంటే ఆవిడ దగ్గర అంతకంటే పెద్ద సంగతే ఉంది. వామనరావుగారని ఒకాయన, హార్బర్‌లో ఓడలకి దారి చూపించే పైలట్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన భార్య పోయి చాలాకాలమైంది. ఆయనా, హైమావతీ పెళ్ళి చేసుకుందామని నిశ్చయించుకున్నారు. రిజిస్ట్రారు ఆఫీసుకి దరఖాస్తు కూడా పంపేశారు. వసుధ పెళ్ళి సందడి ముగిసి, పదహారు రోజుల పండగ అయ్యాక ఇంట్లో చెప్పాలని ఆవిడ ఆలోచన.

రిజిస్ట్రారు ముందు ఇద్దరం వేలు చూపించి వచ్చేస్తే సరిపోతుంది కదా అన్నారు వామనరావుగారు. సరిపోదంది హైమావతి. అన్నయ్య రావాలి, వదిన రావాలి, ఈ హాల్లో ఉన్న తన వాళ్ళందరూ రావాలి. వచ్చి నెత్తిన నాలుగు అక్షింతలు వెయ్యాలి. తిడితే తిట్టనీ, అలిగితే అలగనీ, చివరికి మనసొప్పి రావాలి. అది లేకపోతే ఆ పెళ్ళి ఆవిడకి దొంగతనంగా చేసిన పనిలా ఉంటుంది.

“గట్టిమేళం! గట్టిమేళం!”

డోలూ సన్నాయీ ఒక్కసారిగా అందుకున్నాయి. హాలంతా చేతులు లేచాయి. వేళ్ళు విచ్చుకున్నాయి. పసుపు అక్షింతలు గాల్లో ఉండగా, సరిగ్గా అప్పుడు నొక్కాడు సుదర్శనం. ఫ్లాష్ లేదు, చప్పుడు లేదు. తమకి ఫోటో తీశారని హాల్లో ఎవరికీ తెలియను కూడా తెలియలేదు.

భోజనాలయ్యాక గోడ మీద ఆ ఫోటో వేశాడు. మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జనం, చేతులు, పసుపు చుక్కలు, అంతే కదా. అప్పుడు సుదర్శనం చివరి వరసలో ఆవగింజంత కనిపిస్తున్న ఒక మొహం మీద వేలు పెట్టి లాగాడు. మొహం గోడంతా నిండింది. రైసుమిల్లు వీర్రాజుగారు! ఆయన మీసానికి వేసుకున్న రంగు కింద కొత్తగా మొలిచిన తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. హాలు గొల్లుమంది. ఇంకొకావిడని లాగాడు. కంచి నుంచి తెప్పించానని ఊరంతా చెప్పుకున్న పట్టుచీర కుచ్చిళ్ళలో తీయడం మర్చిపోయిన షాపు చీటీ, దాని మీద స్థానిక దుకాణం పేరు. ఆవిడ కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయింది. జనం ముక్కున వేలేసుకున్నారు. మా వాణ్ణి చూపించు, మా అత్తగార్ని చూపించు అని గోల.

హైమావతి నోరు వెళ్ళబెట్టి చూసింది. “ఏమిట్రా ఇది! నా ఫోన్‌లోనూ బోలెడు మెగాపిక్సెల్స్ ఉన్నాయని అమ్మినవాడు ఊదరగొట్టాడు. రెండు వేళ్ళతో లాగితే మొహం ఉప్మా అయిపోతుందేం?”

సుదర్శనం నవ్వాడు. “మీరు ముగ్గు పెడతారు కదా పెద్దమ్మా. వాకిలిని సెన్సార్ అనుకోండి, చుక్కల్ని పిక్సెల్స్ అనుకోండి. మీ ఫోన్‌లో వాకిలి కందిగింజంత ఉంటుంది. అందులోనే కోట్ల చుక్కలు ఇరికించారు.”

“అయితే వాకిలి పెద్దది చేస్తే సరి.”

“అక్కడే అందరూ పొరబడతారు. అదే లెన్స్ పెట్టి, అదే చోట నిలబడి తీస్తే వీర్రాజుగారి మొహం సెన్సార్ మీద అదే సైజులో పడుతుంది. సెన్సార్ పెద్దదైనంత మాత్రాన ఆయన మొహం పెద్దదవదు. ఆయన పక్కనున్న ఐస్‌క్రీం బండి, ఆ పక్కనున్న తలుపు కూడా ఫోటోలోకి వస్తాయి, అంతే. అసలు లెక్కేమిటంటే, ఆయన మొహం పడినంత మేర ఎన్ని చుక్కలున్నాయి? పది ఉంటే మొహమని తెలుస్తుంది. వెయ్యి ఉంటే వీర్రాజుగారని తెలుస్తుంది. లక్ష ఉంటే మీసానికి రంగు వేశారని తెలుస్తుంది.”

“అయితే చుక్కలే దగ్గర దగ్గరగా పెట్టెయ్యచ్చుగా? ఇన్నాళ్ళూ ఎవరొద్దన్నారు?”

“వెలుగు వద్దంది. ప్రతి చుక్కా ఒక గిన్నె పెద్దమ్మా, వెలుగు వాన. గిన్నె చిన్నదయ్యేకొద్దీ పడే చినుకులు తగ్గుతాయి. మరీ రెండు మూడు చినుకులైతే కొలవడంలో తప్పులొస్తాయి. ఫోటో మీద ఇసక చల్లినట్టు కనిపిస్తుందే, అది ఆ తప్పుల గోలే. అందుకే పెద్ద సెన్సార్ చేసినవాళ్ళు గిన్నెలు పెద్దవి చేసి పలచగా పరిచారు. చిన్న సెన్సార్ చేసినవాళ్ళు ఇరుగ్గా పేర్చారు. నా సెన్సార్ అన్నం తినే కంచమంత ఉంటుంది. గిన్నెలు మాత్రం ఫోన్‌లో కన్నా ఒత్తుగా ఉంటాయి. పడ్డ చినుకు ఒక్కటీ తుళ్ళిపోదు, కొలతలో తప్పు రాదు. అది కుదిరేసరికే నా జుట్టు సగం ఊడింది.”

“బాగుందిరా. దీనివల్ల లోకానికి లాభం?”

“పుష్కరాల్లో పిల్ల తప్పిపోయిందనుకోండి. రేవు మొత్తానికి ఒక్క ఫోటో చాలు. ఆ పిల్ల ఎక్కడుందో, ఎవరి చెయ్యి పట్టుకునుందో దొరికిపోతుంది.”

హైమావతికి ఆ మాటకి మనసు నిండిపోయింది. పక్కనే ఉన్న అన్నయ్య, పెళ్ళికూతురి తండ్రి శేషగిరికి ఇంకో ఆలోచన వచ్చింది. “ఒరేయ్ సుదర్శనం, అందరికీ స్టీలు డబ్బాలు పంచి పంచి విసుగొచ్చింది. ఈ ఫోటోనే రిటర్న్ గిఫ్ట్ చేసేద్దాం. తాంబూలంతో పాటు అందరి ఫోన్లకీ పంపెయ్.”

సుదర్శనం మురిసిపోయాడు. చిన్నది చేసి పంపడం తన సెన్సార్‌కి అవమానం అనుకున్నాడు కాబోలు, ఒక్క చుక్క కూడా తగ్గించకుండా మొత్తం ఫోటో ఆరువందల మందికీ పంపాడు.

ఇక్కడ పాఠకులకి ఒక సంగతి చెప్పాలి. ఆ రోజులకి సంతకం అనేది పోయి చాలా ఏళ్ళయింది. తాళంచెవులు పోయాయి, పాస్‌వర్డ్‌లు పోయాయి. ప్రతి మనిషికీ ‘ముద్ర’ అని ఒక పెట్టె ఉండేది. పెట్టె అంటే చేత్తో పట్టుకునేది కాదు. ఆస్తి పత్రాలు, హాస్పిటల్ రిపోర్టులు, వీలునామా, ఉత్తరాలు, ఇంటి తలుపు తాళం, అన్నీ దాంట్లో ఉండేవి. దాన్ని తెరిచేది బొటనవేలు. మొదట్లో వేలు అద్దం మీద నొక్కేవారు. ఏదో అంటురోగం వచ్చాక అదీ మానేసి, ఏ ఫోన్ కెమెరాకైనా దూరం నుంచే వేలు చూపిస్తే చాలన్నారు. మరి దొంగలో? మనిషి వేలి గీతలు అంత దూరం నుంచి పట్టే కెమెరా భూమ్మీద లేదు కదా, ఇంక భయమేమిటి అన్నారు ఆ ఇంజనీర్లు. వాళ్ళు ఆ మాట అన్న రోజుకి అది నిజమే.

పదహారు రోజుల పండగకి చుట్టాలందరూ మళ్ళీ శేషగిరి ఇంట్లో చేరారు. వెళ్ళిన కాసేపటికే హైమావతికి ఏదో తేడాగా తోచింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడం లేదు. మీవాడి జీతమెంత అన్నవాళ్ళు లేరు, మీ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా అన్నవాళ్ళు లేరు, మోకాలి నొప్పి ఎలా ఉందన్నవాళ్ళూ లేరు. అన్నీ తెలిసినవాళ్ళలా అందరూ ఒకర్నొకరు చూసి మెత్తగా నవ్వుతున్నారు. ఏళ్ళ తరబడి ఉప్పూ నిప్పుగా ఉన్న తోడికోడళ్ళిద్దరు ఒకరికొకరు స్వీట్లు వడ్డించుకుంటున్నారు. వీర్రాజుగారు తనని ఎప్పుడూ ఏడిపించే బావమరిదిని ‘తమరు’ అంటున్నారు. ఆ మర్యాద చూస్తే హైమావతికి ఒళ్ళు జలదరించింది.

రాజ్యలక్ష్మి పక్కకి వచ్చి పులిహోర వడ్డిస్తూ, మాటవరసకి అన్నట్టు అడిగింది. “అవును హైమా, పైలట్లంటే విమానాలకే అనుకున్నాను. ఓడలక్కూడా ఉంటారుట?”

హైమావతి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఆ మాట ప్రపంచంలో ఇద్దరికే తెలియాలి. వదిన మొహంలో రంగు మారింది. “అదే, టీవీలో ఏదో చూశాలే,” అని గిన్నె పట్టుకుని గబగబా అవతలి వరసలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే హైమావతి సుదర్శనం ల్యాబ్‌కి వెళ్ళింది.

“నా వేలు లేకుండా నా ముద్ర ఎవరైనా తెరవగలరట్రా?”

“తెరవలేరు పెద్దమ్మా. ఎవరి బొటనవేలు వాళ్ళదే. కోట్ల మందిలో ఇద్దరికి ఒకేలా ఉండదు.”

“పెళ్ళి ఫోటో పెట్టు. నన్ను లాగి చూపించు.”

గోడ మీద ఆవిడ మొహం నిండింది. కళ్ళ చివర తడి కూడా కనిపిస్తోంది.

“మొహం కాదు. చెయ్యి.”

సుదర్శనం వేలు కదిపాడు. అక్షింతలు విసిరి విచ్చుకున్న ఆవిడ అరచెయ్యి వచ్చింది. ఇంకా లాగాడు. బొటనవేలు గోడంత అయింది. సుడి తిరిగిన గీతలు, గీతల మీద చెమట రంధ్రాలు, ఎప్పుడో కుక్కర్ తగిలి కాలిన మచ్చ, అన్నీ. హైమావతి తన ఫోన్ తీసి గోడ వైపు పట్టుకుంది. తన వేళ్ళు మడిచి కొంగులో దాచుకుంది.

“నమస్కారం హైమావతిగారూ, మీ ముద్ర తెరుచుకుంది,” అంది ఫోన్ చక్కటి గొంతుతో.

సుదర్శనం మొహం పాలిపోయింది. తర్వాత ఏదో గుర్తొచ్చి కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తాడు. ఆ ఫోటోని ఎవరు ఎక్కడ పెద్దది చేసి చూశారో పరిశోధన కోసం గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఒకటి చేసి ఉంచాడట. ఎక్కువమంది చూసిన చోట ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని ఫోటో మీద వేశాడు. మొదటి రోజు మొహాలు కాస్త ఎరుపెక్కాయి. రెండో రోజు నుంచి మొహాలు చూసిన నాథుడు లేడు. ఎత్తిన చేతుల చివర, హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా, బొటనవేళ్ళన్నీ ఎర్రగా మండుతున్నాయి. దొంగలెవరూ రాలేదు. బయటివాడెవడికీ ఆ ఫోటో అందలేదు. అందరూ చుట్టాలే. తాంబూలం తీసుకుని దీవించి వెళ్ళినవాళ్ళే.

సుదర్శనం కుర్చీలో కూలబడ్డాడు. “మొహాల కోసం చేశాను పెద్దమ్మా. తప్పిపోయిన పిల్లల కోసం చేశాను.”

“నా వేలు మొదట ఎవరు చూశారో తెలుస్తుందా?”

“వద్దు పెద్దమ్మా.”

“చెప్పరా.”

అతను తలెత్తకుండా అన్నాడు. “వసుధ.”

చిన్నప్పుడు లెక్కలు రాక ఏడుస్తుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎక్కాలు నేర్పిన పిల్ల. హైమావతి ఆటో ఎక్కి నేరుగా వసుధ అత్తవారింటికి వెళ్ళింది. వసుధ చూడగానే గ్రహించింది. ఏడుస్తూనే చెప్పింది.

“నీకేదో జబ్బనుకున్నాను అత్తయ్యా. నెల రోజులుగా ఎక్కడికో వెళ్ళొస్తున్నావు, అడిగితే లైబ్రరీకి అంటున్నావు. పెళ్ళిలో నువ్వు కళ్ళు తుడుచుకోవడం ఆ ఫోటోలో చూశాను. నా పెళ్ళి అయ్యేదాకా దాస్తున్నావేమోనని గుండె ఆగినంత పనైంది. హాస్పిటల్ కాగితాల కోసమే తెరిచాను. ఒట్టు. పెళ్ళి దరఖాస్తు కనిపిస్తే ఎంత సంతోషపడ్డానో తెలుసా? ఆ సంతోషంలో అమ్మతో అనేశాను.”

“నన్నడగచ్చుగా తల్లీ?”

“అడిగాను కదా. లైబ్రరీ అన్నావు.”

హైమావతికి కోపం తెచ్చుకుందామంటే పట్టుకోవడానికి అందలేదు. ఇంటికొచ్చి ఫోటో తెరిచింది. వదిన చెయ్యి వెతికింది. తప్పని తెలుసు, ఒకసారి మూసేసింది కూడా. మళ్ళీ తెరిచింది. నా గురించి వాళ్ళేమనుకుంటున్నారో నాకు తెలియక్కర్లేదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. రాజ్యలక్ష్మి బొటనవేలు పెద్దది చేసి ఇంట్లో పడున్న పాత ఫోన్‌కి చూపించింది. “నమస్కారం రాజ్యలక్ష్మిగారూ,” అంది ఫోన్.

శేషగిరి తన భార్యకి పంపిన సందేశం పైనే ఉంది. ‘హైమ సంగతి మనకి తెలియనట్టే ఉందాం. తను చెప్పినా అడ్డు చెప్పకు. ఈ వయసులో ఈ పనేమిటని నాకూ కడుపు మండుతోంది. కానీ మనం నోరెత్తితే ఎలా తెలిసిందని అడుగుతుంది. పైగా మన కాగితాలు ఎంతమంది చూశారో ఏమో.’

చదివి ఫోన్ బోర్లా పెట్టేసింది. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. ఇంకొకరి మనసులోకి తలుపు తట్టకుండా వెళ్ళొచ్చింది. ఇప్పుడు తనూ ఆ ఆరువందల మందిలో ఒకతె.

అయినా అనుకున్న మాట అనుకున్నట్టు చెప్పాలని మర్నాడే అన్నయ్య దగ్గరికి వెళ్ళి నిలబడింది. “అన్నయ్యా, నేను పెళ్ళి చేసుకుంటున్నాను.”

“శుభం!” అన్నాడు శేషగిరి, ఆవిడ నోరు మూసే లోపలే. “చాలా మంచి పని చేస్తున్నావమ్మా. వామన...” అని నాలిక్కరుచుకుని, “వరుడెవరో?” అన్నాడు. నుదుటి నిండా చెమట.

ఆ పోట్లాట కోసం హైమావతి ఇన్నాళ్ళుగా మనసులో ఎన్ని జవాబులు తయారుచేసుకుందో! అన్నయ్య అరుస్తాడు, తను ఇలా అంటుంది, వదిన ఏడుస్తుంది, తను అలా అంటుంది, చివరికి అన్నయ్య కరుగుతాడు. ఆ జవాబుల్లో ఒక్కటీ అక్కరకి రాలేదు. “నిజంగా ఇష్టమేనా అన్నయ్యా? కోపముంటే తిట్టు,” అంది.

“కోపమా! భలేదానివే,” అన్నాడు శేషగిరి. ఆయన చేతులు రెండూ జేబుల్లోనే ఉన్నాయి.

ఆ వెంటనే మూఢం వచ్చింది. ముహూర్తాలు లేక పెళ్ళి మూడు నెలలు వెనక్కి పోయింది. ఆ మూడు నెలల్లో లోకం మారిపోయింది. సుదర్శనం సెన్సార్ గురించి పేపర్లు రాశాయి. ఎవరో పెద్ద కంపెనీ వాళ్ళు దాన్ని చూసి గింజంత సైజులో ఇంకొకటి చేసుకున్నారు. అది కళ్ళజోళ్ళలోకి వచ్చింది, చొక్కా బొత్తాముల్లోకి వచ్చింది. ముద్ర తాళం మార్చడానికి రెండేళ్ళు పడుతుందని ప్రభుత్వం ప్రకటించింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. పోయినది బొటనవేలైతే దేవుడి దగ్గర మాత్రం ఇంకోటి ఎక్కడిది?

ఇక జనం తమకి తోచిన ఉపాయం తాము చేసుకున్నారు. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించడం. బస్సు ఆపడానికి పిడికిలి, టాటా చెప్పడానికి పిడికిలి. ట్రాఫిక్ కానిస్టేబుల్ మోచేత్తో బళ్ళు ఆపుతున్నాడు. బడిలో జవాబు తెలిసిన పిల్లలు పిడికిళ్ళెత్తుతుంటే కొత్త టీచర్లు జడుసుకుంటున్నారు. నాయకులు జనానికి అభయం ఇవ్వబోయి చెయ్యి మూసుకుంటున్నారు. గ్లవ్స్ కొన్నాళ్ళు నడిచాయి గానీ, మన ఎండలకి ఎవరు వేసుకోగలరు?

సుదర్శనం ఒకనాడు పెద్దమ్మ దగ్గరికొచ్చి కూర్చున్నాడు. “నా సెన్సార్‌లో చుక్కలు తగ్గించేశాను పెద్దమ్మా. వేలు పడకుండా, మొహం మాత్రం పడేలా. ఎవరూ కొనడం లేదు. పక్కవాడి దానిలో ఇంకా బాగా కనిపిస్తుందిట.”

“నా పెళ్ళికి మాత్రం కెమెరా తేకురా,” అంది హైమావతి.

పెళ్ళి రోజు వచ్చింది. జగన్నాథపురంలో చిన్న హాలు. గుమ్మంలోనే ఫోన్లు, కళ్ళజోళ్ళు, గడియారాలు తీసుకుని బుట్టల్లో పెట్టించారు. చూపు ఆనని పెద్దవాళ్ళని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. హైమావతి భయపడుతూనే తెర చాటు నుంచి చూసింది. వచ్చారు. అందరూ వచ్చారు! అన్నయ్య, వదిన, తోడికోడళ్ళు, వీర్రాజుగారు, రారనుకున్నవాళ్ళు, రానని మనసులో అనుకున్నవాళ్ళు కూడా. హాలు చాలక కొందరు గోడ వారన నిలబడ్డారు. ఎందుకొచ్చారో ఆవిడకి తెలుసు. రాకపోతే పక్కవాళ్ళు తమ సంగతి ఎక్కడ బయటపెడతారోనని ఒకరికొకరు భయపడి వచ్చారు. అయినా సంతోషం ఆగలేదు. ఏ స్తంభం చాటూ లేకుండా, హాలు నడిమధ్య, నీలం పట్టుచీర కట్టుకుని పీటల మీద కూర్చుంది.

“గట్టిమేళం!” అన్నారు పంతులుగారు. వామనరావుగారి చేతులు మెడ వెనక ముడి వేస్తున్నాయి. హైమావతి కళ్ళెత్తింది.

హాలు నిండా పిడికిళ్ళు లేచాయి. అక్షింతలు లోపల గట్టిగా నలిగిపోతున్న పిడికిళ్ళు. పక్కవాడి చొక్కా బొత్తాం వైపు ఓ కంట చూసుకుంటూ, మణికట్టు ఊపి వేళ్ళ సందుల్లోంచి బియ్యం రాల్చాలని అవస్థ పడుతున్నారు. ఒకటీ అరా గింజ రాలింది. “చెయ్యి విప్పి వెయ్యండి బాబూ, కెమెరాలు లేవు!” అని పంతులుగారు అరిచారు. ఆయన పిడికిలి కూడా మూసే ఉంది.

వామనరావుగారు చెవి దగ్గరికి వంగారు. “హైమా, వీళ్ళు మనల్ని దీవిస్తున్నారా, కొట్టబోతున్నారా?”

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. కోరుకున్న వాళ్ళందరూ వచ్చారు, ఒడిలో చూసుకుంటే నాలుగు గింజలు కూడా లేవు. వీళ్ళ చేతులు ఏమైపోయాయి భగవంతుడా అనుకుంది. ఒక్కళ్ళు, ఈ మొత్తం హాల్లో ఒక్కళ్ళు నన్ను నమ్మి చెయ్యి విప్పరా అని వెతుక్కుంది.

అప్పుడు వసుధ ముందుకొచ్చింది. అందరూ చూస్తుండగా గుప్పిట విప్పి, ఐదు వేళ్ళూ చాపి, అక్షింతలు అత్తయ్య నెత్తిన పోసింది. హాల్లో ఎవరో ‘అమ్మో’ అన్నారు. వసుధ వంగి ఆవిడ పాదాలకి దణ్ణం పెట్టింది.

“నన్నూ దీవించు అత్తయ్యా. నా మీద కోపం పోయిందా?”

“ఎప్పుడో పోయింది తల్లీ,” అంది హైమావతి. అన్నమాట నిజమే. గుండెల్లోంచి పొంగుకొచ్చింది. దీవించడానికి వసుధ తల మీదికి చెయ్యి ఎత్తింది.

ఎత్తిన చెయ్యి చూసుకుని నిర్ఘాంతపోయింది. బొటనవేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్ళూ దాని మీద బిగించి ఉన్నాయి. ఎప్పుడు మూసుకుందో ఆవిడకే తెలియదు. విప్పుదామని చూసింది. వసుధ తల వంచుకునే ఉంది.